గడ్డి మీద నెత్తళ్లు

మరిడమ్మ ఎండేసుకున్న నెత్తళ్ల చేపల్ని గోతిలో పోసి, పైన మట్టి కప్పి, ఆ మట్టిలో క్రోటన్ మొక్క నాటారు. నాటాక చప్పట్లు కొట్టారు. ఒకాయన సెల్‌ఫోన్ ఎత్తి పట్టుకుని మొక్క చుట్టూ నిలబడ్డవాళ్లను నవ్వమన్నాడు. అందరూ నవ్వారు.

మరిడమ్మలాగే చేపలు ఎండేసుకునే తాతమ్మ, గంప నెత్తిన పెట్టుకుని అప్పుడే అక్కడికొచ్చింది. మరిడమ్మ ఇసుకలో కూలబడి ఉంది. మొగుణ్ణి సముద్రం తీసుకుపోయాక, గుప్పెడు ఎండు చేపలు సంతలో అమ్ముకుని బతుకుతున్న ముసలి మనిషి.

"సేపలు ఏటి సేసినారు బాబూ?" అని అడిగింది తాతమ్మ.

"వాసన కొడుతున్నాయమ్మా. పారెయ్యడం ఎందుకని ఎరువుగా వాడాం. ఆర్గానిక్," అన్నాడు నరసింగరావు. ఎంత దయగా అన్నాడంటే, మరిడమ్మ లేచి దండం పెట్టకపోవడమే తప్పయినట్టుంది.

ఈ నరసింగరావు సుందర తీర సేవా సమితికి అధ్యక్షుడు. ఊరి వెనక రొయ్యల చెరువులన్నీ ఆయనవే. వారమంతా చెరువుల మురుగు కాలవలోకి వదులుతాడు, ఆదివారం ఆకుపచ్చ టీషర్టు వేసుకుని తీరం శుభ్రం చెయ్యడానికి వస్తాడు. వెంట రిటైరైన ఆఫీసర్లు, డాక్టర్లు, డాక్టర్ల భార్యలు. చేతులు మాయకుండా తొడుగులు, మొహం మాడకుండా టోపీలు. గునపం పట్టి నిజంగా గొయ్యి తవ్వడానికి శ్రీకాకుళం కాలేజీ నుంచి బస్సులో పిల్లల్ని తెస్తారు. వాళ్లకి సర్టిఫికెట్ ఇస్తారు. ప్రకృతి మీద ఈ పెద్దమనుషులకున్న ప్రేమ ఇడ్లీలతో మొదలై ఎండ చురుక్కుమనగానే కారెక్కి వెళ్లిపోతుంది.

తాతమ్మకి ఒళ్లు మండింది. ఆ మంటలో సగం తన మీదే. ఎందుకంటే ఆ మొక్కలు నాటుతున్న తోటకి ఎర్రమట్టి మోసింది తనే.

భావనపాడుకి ఇవతల, కాలవ సముద్రంలో కలిసే చోట ఉంటుంది పాతరేవుపేట. కిందటేడు నరసింగరావు వచ్చి "మీ ఊరు, మీ తోట, మీ శ్రమదానం" అంటే ఊరంతా నమ్మింది. ఊరి కొసన చిన్న మూల అడిగాడు. నాలుగు పూల మొక్కలుంటే పిల్లలు ఆడుకుంటారు కదా అనుకున్నారు. ఇసుకలో మొక్క బతకదని చేపల గంపలతోనే మట్టి మోశారు. పులిహోర పొట్లాలిస్తే సంబరపడ్డారు. గంపతో నవ్వుతున్న తాతమ్మ ఫొటో పెద్దది చేయించి గేటు పక్కన బోర్డు మీద పెట్టారు. కింద 'ప్రజల భాగస్వామ్యం' అని రాశారు. తరవాత కంచె జరిగింది. ఇంకోసారి జరిగింది. లారీల్లో గడ్డి వచ్చింది. ఇప్పుడు ఇసుక దిబ్బంతా తోటే.

ఆ దిబ్బ తప్ప పేటలో చేప ఎండే చోటు లేదు. ఒక పక్క కాలవ బురద, ఇంకో పక్క ఇళ్లు. పచ్చి చేపకి సావుకారు ఎంతంటే అంతే ధర, ఎండు చేప మాత్రం ఆడవాళ్ల చేతిలోది. దాంతోనే పిల్లల చదువు, దాంతోనే ముసలివాళ్ల గంజి. దిబ్బ పోతే ఆడది సావుకారు గుమ్మం ముందు చెయ్యి చాచాల్సిందే.

ఆ సాయంత్రం వలలు కట్టే పాకలో జనం కూడారు. కులపెద్ద గొంతు సవరించుకున్నాడు.

"ఈ గొడవ ఒగ్గీండే. వచ్చే ఆదివారం తోట తెరవడానికి మంత్రొస్తన్నాడు. పెద్దోల్లతోటి మనకేల? బాబుగారు మీకు తోటపని ఇప్పిస్తానంటన్నారు. జీతమిస్తారు, సీర ఇస్తారు."

"ఏ రంగు సీర మావా?" అంది తాతమ్మ.

"ఆకుపచ్చ."

ఆడవాళ్లు పకపకా నవ్వారు. తాతమ్మ నవ్వలేదు.

"నీ వల లాక్కుని నీకో నీలం సొక్కా ఇస్తే తొడుక్కుంటావేటి? మన సేత మట్టి మోయించి మన కాళ్ల కింద ఇసకే లాగేసినారు. ఆ మట్టి నానే మోసినాను, నాకు సిగ్గుగా ఉన్నాది. సిగ్గుపడతా కూకుంటే సేప ఎండదు."

"అర్జీ పెడదాం," అన్నాడొకడు.

"అర్జీ ఆపీసులు తిరిగొచ్చేసరికి సేప కుళ్లిపోతాది," అంది మరిడమ్మ.

పాక గుమ్మంలో ఒక పిల్ల నిలబడి ఉంది. కాలేజీ బస్సు వెళ్లిపోయినా తను ఉండిపోయింది. పేరు దీవెన. తండ్రి థామస్ తాపీ కూలీ.

"ఆ మొక్క నాటింది నేనే అత్తా. గోతిలో ఏటున్నాదో తెలిసే నాటినాను. సర్టిఫికెట్ వస్తాదని."

"అయితే ఇప్పుడేటి, ఏడుస్తావా?" అంది తాతమ్మ.

"ఏడవను. ఆదివారం మా బస్సు మళ్లీ వస్తాది. మావోల్లందరికీ సెప్తాను."

"సెప్పడాలు సాల్లే గుంటా. పని సెయ్యడం నేర్చుకో."

ఆఖరికి మాట తేలింది. కొత్తగా చేసేదేం లేదు. ఎక్కడ ఎండేస్తున్నారో అక్కడే ఎండెయ్యాలి.

ఆదివారం వలలకి నెత్తళ్లు విరగపడ్డాయి. షామియానా కింద కుర్చీలు వేశారు, గేటుకి రిబ్బను కట్టారు. మంత్రి ఇంకా రాలేదు. పేట ఆడవాళ్లు వరసగా వచ్చి, ఆ రిబ్బను కిందనుంచి వంగి లోపలికి వెళ్లి, గడ్డి మీద గంపలు బోర్లించారు. ఉప్పు పట్టిన చేపలు పచ్చటి గడ్డి మీద తళతళలాడాయి. డాక్టర్ల భార్యలు ముక్కులకి చేతిరుమాళ్లు అడ్డం పెట్టుకున్నారు. రాత్రి విందులో వేపుడు చేపలు ఎన్నిసార్లు వడ్డించుకున్నారో ఆ ముక్కులకి గుర్తున్నట్టు లేదు.

నరసింగరావు పరుగెత్తుకొచ్చాడు. "ఏమిటమ్మా ఈ మొరటుతనం? ఇది ప్రజల తోట."

"అందుకే పెజలొచ్చినారు," అంది తాతమ్మ.

మంత్రి కారు వచ్చింది. అద్దం సగం దిగింది. గాలి లోపలికి కొట్టగానే అద్దం పైకి లేచింది, కారు వచ్చిన దారినే పోయింది. తీరం మీద ఆయనకున్న మక్కువ అంతే.

నరసింగరావుకి పిచ్చెత్తింది. చేపల మీద నీళ్లు కొట్టమని పైపు తెప్పించాడు. పైపు పట్టుకోమంటే కాలేజీ పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దీవెన వెళ్లి కుళాయి కట్టేసి దానికి అడ్డంగా కూర్చుంది. "సర్టిఫికెట్ ఇవ్వం," అన్నాడాయన. "ఉంచుకోండి," అంది. అప్పుడు పోలీసుల్ని పిలిచారు.

ఎస్సై దిగి "మీకు లీడరెవరు?" అని అడిగాడు. నరసింగరావే తాతమ్మను చూపించాడు. గేటు పక్కన బోర్డు మీద నవ్వుతున్న మనిషిని ఆ బోర్డు ముందే రెక్క పట్టుకుని జీపెక్కించారు. ఆడవాళ్లు జీపు చుట్టూ మూగారు. కొందరు ఏడుపు అందుకున్నారు. తాతమ్మ జీపు ఊచల్లోంచి చూసి కసిరింది.

"ఇక్కడేటి పని మీకు? పొద్దెక్కింది, సేపలు తిరగెయ్యండి."

ఏడుపు ఆగింది. వెనక్కి వెళ్లి గడ్డిలో వంగారు. దీవెన వంగింది. ఆకుపచ్చ టీషర్టుల పిల్లలు ముందు ఇద్దరు, తరవాత అందరూ వంగారు. "తోక పట్టుకుని ఊపుతారేటి, అరసేత్తో తిప్పండి," అని మరిడమ్మ వాళ్లను తిట్టిపోస్తూ నేర్పింది. పాకలోంచి మగవాళ్లు కూడా తలలు దించుకుని వచ్చారు. ముందు కులపెద్దే ఉన్నాడు. జీపు వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున పాతరేవుపేట ఆడవాళ్లు, చుట్టుపక్కల పేటల ఆడవాళ్లు పచ్చి చేపల గంపలెత్తుకుని రోడ్డెక్కారు. బస్సువాడు వాసనకి ఆపలేదు, నడిచారు. తాతమ్మను ఉంచిన పోలీసు స్టేషన్ ముందర సిమెంటు చేసిన వాకిలి బోలెడంత ఉందని, అక్కడ రోజల్లా ఎండ తగులుతుందని వాళ్లకి తెలిసింది.