బాపు తిన్న ఇంగువ

మా బాపు కొండల్ ముప్పై ఏళ్ల నుంచి మాదన్నపేటలో ఒకే పని శ్రద్ధగా చేస్తున్నాడు. మేము ఎరుకలోళ్లమని ఎవరికీ తెలియకుండా చూసుకోవడం. నీళ్ల డిపార్ట్‌మెంట్లో నల్లాలు తిప్పే ఉద్యోగం కూడా ఉంది గానీ, అది పక్కపని. ఎడమ పక్కింటికి మేము కాపులం. కుడి పక్కింటికి ముదిరాజులం. ఎదురింట్లో ఉండే ప్రేమ్‌రాజ్ ఒకసారి నేరుగా అడిగేస్తే బాపు ఆకాశంలోకి చూసి "వానొచ్చేటట్టుంది భాయ్" అన్నాడట. అప్పుడు నడి ఎండాకాలం. మాది వానలు చెప్పే కులమేమోనని ప్రేమ్‌రాజ్ ఇప్పటికీ వడియాలు ఎండబెట్టే ముందు బాపును అడిగి పోతాడు.

బాపు భయం ఊరికే వచ్చింది కాదు. మా కులం పేరు వింటే కొందరు ముందు జేబులు తడుముకుంటారు. ఇల్లు అద్దెకు ఇస్తామన్నవాళ్లు చుట్టాలు వస్తున్నారంటారు. మా అవ్వ, అంటే బాపు వాళ్లమ్మ ఆగమ్మ, తన చిన్నప్పటి సంగతి చెబుతుంది. వాళ్ల నాయన ఏ తప్పూ చేయకుండానే రోజూ పొద్దుగూకాక ఠాణాకు పోయి, అక్కడే పడుకుని, తెల్లారి ఇంటికి వచ్చేవాడట. దొంగల కులమని సర్కారే రాసిపెట్టుకుంది మరి.

బాపు కష్టాన్నంతా మా అక్క స్వీటీ ఒక్క పూటలో నల్లాలో కలిపేసింది. సర్కారు బ్యాంకులో ఉద్యోగానికి దరఖాస్తు పెడుతూ కులం దగ్గర ఎరుకల అని రాసి, సర్టిఫికెట్ జత చేసింది. బాపు అడిగితే "ఉన్నదే రాసిన. నేను దాసుకోను" అంది. పరీక్ష పాసయింది. ఎస్టీ కోటాలో ఉద్యోగం వచ్చింది. వారం తిరక్కుండానే ఎవరో పై ఆఫీసుకు అర్జీ పెట్టారు, ఆ గల్లీలో ఎరుకలోళ్లే లేరు, ఆ పిల్ల అబద్ధం రాసింది అని.

ఆ మాట విని బాపు ముఖం ఒక్క క్షణం వెలిగింది, పాపం. అంత బాగా దాచాడన్నమాట. తర్వాత కూలబడ్డాడు.

విచారణకు ఒక సారు ఇంటికే వస్తాడని కబురు వచ్చింది. మా దేవుళ్లు, మా భాష, మా రివాజులు అన్నీ అడుగుతాడు. ఇరుగుపొరుగును కూడా అడుగుతాడు. మేము ఎరుకలోళ్లం కాదని ఆయన రాస్తే స్వీటీ ఉద్యోగం పోతుంది, పైగా దొంగ సర్టిఫికెట్ అని కేసు పడుతుంది. కబురు వచ్చినప్పటి నుంచి బాపు ఇంట్లో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాడు. ఆ తిరుగుడుకు మా గచ్చు అరిగిపోయి కింద నిజాం కాలం నాటి గచ్చు బయటపడింది.

అమ్మ పోయినప్పటి నుంచి ఇంట్లో మేం నలుగురమే. సారు వచ్చే ముందు రోజు బాపు అందరినీ కూర్చోబెట్టి పాఠం అప్పజెప్పించుకున్నాడు.

"అవ్వా, మన దేవత పేరేంది?"

"నాంచారమ్మ. మొన్నటిదాక పేరెత్తొద్దని నువ్వే గదరా అంటివి."

"రేపు ఎత్తు."

"ఎంత గట్టిగ ఎత్తాలె?"

"సారుకు ఇనవడాలె. రుక్మాబాయికి ఇనవడొద్దు."

రుక్మాబాయి మా ఎడమ పక్కింటి పెద్దమ్మ. బర్రెలున్నాయి. గల్లీ అంతటికీ పాలు ఆమెవే. మాకూ ఆమెకూ మధ్య ఉన్న గోడ ఎంత పలచనంటే, ఆమె బర్రె తుమ్మితే మా అవ్వ "చిరంజీవ" అంటుంది.

నేనూ ఊరికే కూర్చోలేదు. నయాపూల్ పోయి ప్లాస్టిక్ విల్లు, బాణం, నాలుగు నెమలీకలు తెచ్చి బాపు ముందు పెట్టాను.

"ఇవెందుకురా?"

"ఆఫీసర్లకు గిట్ల కనవడ్తెనే నమ్మకం బాపు. ఈకలు నెత్తికి కట్టుకొని నువ్వు తలుపు తియ్యి. మిగిలింది నేను జూస్కుంట."

బాపు ఈకలు చేతిలోకి తీసుకుని కాసేపు నిజంగానే ఆలోచించాడు. ఆయన పరిస్థితి అక్కడికి వచ్చింది. స్వీటీ వాటిని లాక్కుని అటక మీదికి విసిరేసింది.

"మున్నా, రేపు నోరు తెరిచినవంటె చూడు. నీ గప్పాలకు నా నౌకరి పోతది."

"నౌకరేంది బిడ్డా," అన్నాడు బాపు, "వీడు నోరు తెరిస్తె మన కులమే రద్దయితది."

గల్లీలో నా పేరు గప్పాల మున్నా. చార్మినార్‌కు ఐదో మినార్ ఉండేదని, దాన్ని రుక్మాబాయి పెద్దమ్మ బర్రె మేసిందని చిన్నప్పుడు ఒక్కసారి చెప్పాను. జనం పట్టుకుని వదలరు. రేపు ఒక్క మాట కూడా మాట్లాడనని నాతో నాంచారమ్మ మీద ఒట్టు వేయించారు.

మర్నాడు పగటిపూట వెంకటనారాయణ సారు వచ్చాడు. సన్నగా, నెమ్మదిగా ఉన్నాడు. చెప్పులు బయటే విడిచాడు, నీళ్లు ఇస్తే తాగాడు. మనిషిలో ఏ లోపమూ లేదు. తప్పంతా ప్యాంటుది. అది ఖాకీ రంగులో ఉంది.

అవ్వ ఆ ప్యాంటును చూసింది. చూసి, కొంగు సర్దుకుని, గోడకు మరింత దగ్గరగా జరిగింది.

"అవ్వా, మీ భాషల నాలుగు ముచ్చట్లు చెప్పు," అన్నాడు సారు.

"ఏం బాస సారూ. తెలుగే."

"ఎరుకల భాష రాదా?"

"గదేందో నేను ఇన్లె. జర ఉర్దు వస్తది. చెప్పాల్నా?"

పొద్దున్నే నన్ను ఆ భాషలో, టీ చల్లారిపోయేదాకా, ఒక్క తిట్టు కూడా రెండోసారి వాడకుండా తిట్టిన మనిషి ఆమె. కానీ ఆ భాష మాకు ఊరికి వినిపించడానికి కాదు, ఊరి నుంచి దాచుకోవడానికి. ఖాకీ కనబడితే ఒక్క ముక్క కూడా బయటికి రాకూడదని వాళ్ల నాయన ఆమెకు నేర్పాడు. అవ్వ చదివిన చదువు అదొక్కటే. దాన్ని ఇప్పుడు మర్చిపొమ్మంటే ఎట్లా మర్చిపోతుంది.

"అవ్వా, చెప్పు," అన్నాడు బాపు.

"ఏం చెప్పాల్రా. సారు మంచిగున్నడు. చాయ్ పొయ్యి."

బాపు చొక్కా వీపు మీద తడిసి అంటుకుపోయింది. ఆ చెమటకు ఒక టోటీ బిగించి ఉంటే మాదన్నపేట మార్కెట్లో కూరగాయలన్నీ కడుక్కునేవాళ్లు.

"మీ కులదేవత?"

"మల్లన్న సార్," అన్నాడు బాపు, అలవాటు కొద్దీ. వెంటనే "కాదు కాదు, నాంచారమ్మ" అన్నాడు.

సారు కలం ఆగింది. బాపును చూసి, ఏదో రాసుకున్నాడు. మా దగ్గరి నుంచి చూస్తే ఆ రాసింది మంచిదిలా లేదు. స్వీటీ చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. వేలు కొస తెల్లబడింది.

తర్వాత సారు పక్కింటివాళ్లను పిలవమన్నాడు. రుక్మాబాయి పెద్దమ్మ చేతిలో పాల క్యానుతోనే వచ్చి గడప దగ్గర నిలబడింది.

"వీళ్లు ఏం మనుషులమ్మా?"

"మస్తు మంచోళ్లు సార్. లొల్లి లేదు, గిల్లి లేదు."

"కులం?"

"కాపులు," అంది పెద్దమ్మ గట్టిగా. బాపు పరువు నిలబెడుతున్నాననే ధీమా ఆమెది. "కొండలే చెప్పిండు. కావాలంటె ఏ గుళ్లెకన్న రండ్రి, దీపం ఆర్పి చెప్త."

బాపు కళ్లు మూసుకున్నాడు. ఆమె మా కోసం అంత నిజాయతీగా నిలబడటం అదే మొదటిసారి, అదే మమ్మల్ని ముంచేస్తోంది.

"ఆఖరుగ ఒకటి," అన్నాడు సారు. "మీలో కాన్పయితె ఏం చేస్తరు?"

"ఆస్పత్రికి తీస్కపోతం సార్."

"గది అందరు చేస్తరు. మీ పాత రివాజు ఏమన్న ఉందా?"

బాపు అవ్వను చూశాడు. అవ్వ ప్యాంటును చూసింది.

"ఏం లేదు సార్," అన్నాడు బాపు.

ఉంది. నాకు తెలుసు. అవ్వ నాకు చిన్నప్పటి నుంచి చెప్పిన ముచ్చట అది. నేను దాన్ని బడిలో చెప్పాను, క్రికెట్ ఆడేచోట చెప్పాను, మంగలి షాపులో చెప్పాను. ఎక్కడా ఎవరూ నమ్మలేదు. మినార్ మేసిన బర్రెను కొంచెం నమ్మినవాళ్లు కూడా దీన్ని నమ్మలేదు. నా జీవితంలో నేను చెప్పిన ఒకే ఒక నిజం వల్లే గప్పాల మున్నా అనే పేరు నాకు ఖాయమైంది. ఇప్పుడేమో దాని మీద ఒట్టు పడి ఉంది. సారు సంచీ సర్దుకుంటున్నాడు. స్వీటీ వేలు నీలంగా మారుతోంది.

"బిడ్డ పుడితె మొగోడు బాలింత అయితడు సార్," అన్నాను.

సారు తల ఎత్తాడు.

"పెండ్లాం చీర కట్టుకొని, నెత్తి మీదికెల్లి కప్పుకొని, చీకటి అర్రల పండుకుంటడు. ఇంగువ, బెల్లం ఆయనకే పెడ్తరు. బిడ్డను కడిగి ఆయన పక్కల్నే పండవెడ్తరు. గాలి గిట్ల ఏమన్న ఉంటె తల్లిని, బిడ్డను ఇడిసిపెట్టి గాయనను వట్టాలె అని."

"ఎవరు చెప్పిన్రు నీకు?"

"అవ్వ."

"నేనా?" అంది అవ్వ, ప్యాంటు వైపే చూస్తూ.

సారు బాపు వైపు తిరిగాడు. "నిజమేనా కొండల్?"

గడప దగ్గర రుక్మాబాయి పెద్దమ్మ ఉంది. ఆమె వెనకాల కిటికీకి ఆనుకుని గల్లీ ఉంది. ప్రేమ్‌రాజ్ వడియాల చాట చేత్తో పట్టుకునే వచ్చేశాడు.

"వాడు గప్పాలు కొడ్తడు సార్," అన్నాడు బాపు. "గల్లీల ఎవర్నన్న అడుగుండ్రి."

సారు సంచీ జిప్పు లాగాడు. ఆ చప్పుడు మా ఇల్లంతా వినిపించింది.

"బాపు," అంది స్వీటీ.

అప్పుడు రుక్మాబాయి పెద్దమ్మ పాల క్యాను కింద పెట్టింది. "అగో. గందుకేనా?"

"ఏందమ్మా?" అన్నాడు సారు.

"స్వీటీని ఆస్పత్రి నుంచి తెచ్చిన తెల్లారి సార్. బాలింతకని పాలు తీస్కొచ్చిన. ఎన్క అర్రల చీకటి. మొత్తం చీర కప్పుకొని పండుకున్నరు, పక్కల పసిగుడ్డు. లే బిడ్డా, ఏడిగున్నప్పుడే తాగుమని చీర జరిపిన." ఆమె ఆగింది. "మీసాలున్నయి."

ఎవరూ నవ్వలేదు.

"నేనేం అన్లె సార్. మళ్ల కప్పి, గ్లాసు ఆడ వెట్టి బయటికొచ్చిన. బయట జూస్తె అసలు బాలింత నల్లా కాడ బిందె నింపుతుంది. కొండల్‌కు జర మతి తప్పిందనుకున్న."

"ఇన్నేండ్లు ఎవరికి చెప్పలేదా?"

"ఎందుకు చెప్త? ఆడిపిల్ల ఉన్న ఇల్లు. తండ్రికి పిచ్చి అంటె రేపు ఆ పిల్లను ఎవరు చేస్కుంటరు?"

మా పరువును మేము ఒక పక్క దాచుకుంటూ ఉంటే, ఆమె ఇంకో పక్క నుంచి దాచుకుంటూ వచ్చిందన్నమాట, పాలతో పాటు పొద్దూ మాపూ.

సారు జిప్పు మళ్లీ తీశాడు. "కొండల్, నువ్వు చెప్పాలె. ఆమె జూసింది నిన్నేనా?"

బాపు కిటికీ వైపు చూశాడు. అక్కడ ముఖాలు పెరిగాయి. సైదాబాద్ నుంచి కూడా కొందరు వచ్చినట్టు నాకు అనిపించింది. తర్వాత నేలను చూస్తూ మొదలుపెట్టాడు.

"ఇంగువ మస్తు చేదుండె సార్. బెల్లంల కలిపినా గొంతుల దిగలె. వద్దు అవ్వా, ఇది పట్నం, ఎవరన్న జూస్తె పరువు పోతది అన్న. పిల్ల గావాల్నా పరువు గావాల్నా అన్నది." బాపు గుటక వేశాడు. "పిల్లనే అన్న."

స్వీటీ చున్నీ వదిలేసింది.

సారు రాస్తూనే ఉన్నాడు. రాస్తూ రాస్తూ నా వైపు కలం చూపించి, "వీడు పుట్టినప్పుడు గూడ పండుకున్నవా?" అన్నాడు.

"వీడప్పుడు డ్యూటీల ఉంటి సార్. చెయ్యలె," అన్నాడు బాపు. "జూస్తున్నరు గద, ఎట్ల తయారైండో."

సారు లేచి చెప్పులు వేసుకున్నాడు. బాపు చేతులు కట్టుకుని వెంట నడిచాడు. "సార్, పిల్లకు ఫికర్ లేదు గద?"

"పైన ఆర్డర్ వాళ్లిస్తరు. నేను రాసేది రాసిన," అన్నాడు సారు. "గిసొంటి ముచ్చట అబద్ధానికి ఎవడు నెత్తికెత్తుకోడు."

ఆయన గల్లీ మలుపు దాకా వెళ్లాడు. దూరానికి ఖాకీ రంగు అంతగా కనబడదు. అవ్వ గడప దాటి వచ్చి, నడుము మీద చేయి పెట్టుకుని, మా భాషలో గొంతెత్తింది. అన్నం తినకుండా పోతున్నావు, మంచోడివే, ఈసారి ఆ పాడు ప్యాంటు విడిచి వేరేది కట్టుకుని రా, కడుపునిండా పెడతా అని. గల్లీకి ఒక్క ముక్క అర్థం కాలేదు. సారుకూ కాలేదు. కానీ ఆయన ఆగాడు. వెనక్కి తిరిగి అవ్వను చూసి, గోడకు సంచీ ఆనించి, ఇంకేదో రాసుకుని వెళ్లాడు.

బాపు ఇంట్లోకి రాలేదు. గడప మీదే కూర్చున్నాడు. గల్లీ అంతా అక్కడే ఉంది, ఎవరు మొదలుపెడతారా అని ఎదురుచూస్తోంది.

రుక్మాబాయి పెద్దమ్మ క్యాను ఎత్తుకుంటూ అంది. "కొండల్, పచ్చి బాలింతవు. గాలిల కూసోకు."

గల్లీ పగలబడి నవ్వింది. బాపు తల వంచుకున్నాడు. ఆ నవ్వులో జేబులు తడుముకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారేమోనని నేను చేతులన్నీ చూశాను. ఒకరిద్దరు ఉన్నారు. వాళ్లు మెల్లగా వెనక్కి జరిగి వెళ్లిపోయారు. స్వీటీ వచ్చి బాపు పక్కన గడప మీద కూర్చుంది.

ప్రేమ్‌రాజ్ మాత్రం చాట పట్టుకుని కదలకుండా ఉన్నాడు. "గట్లయితె మీరెవరు భాయ్?"

బాపు అలవాటు ప్రకారం తల పైకెత్తాడు. ఆకాశం ఎప్పటిలాగే అక్కడే ఉంది. దాన్ని కాసేపు చూసి, తల దించి, ప్రేమ్‌రాజ్ ముఖంలోకి చూశాడు.

"ఎరుకలోళ్లం," అన్నాడు.

ప్రేమ్‌రాజ్ ఆ మాటను తలకెక్కించుకుని, చాటలో వడియాల వైపు దిగులుగా చూశాడు.

"మరి వాన సంగతి ఇప్పుడు ఎవర్ని అడగాలె?"