గీత లేని ముఖం

మావారు చిత్రకారులు. జనం పోయినవాళ్ళ ఫొటోలు పట్టుకొస్తారు, ఆయన వాళ్ళని తైలవర్ణాల్లో బతికిస్తారు. ఆరేళ్ళుగా ఆ బతికించే పనిలో మెడ నుంచి పైభాగం నాది, కిందిది ఆయనది. చీర మడతలు, కోటు గుండీలు, కుర్చీ చేతులు, సంతకం ఆయన వేస్తారు. ముఖం నేను వేస్తాను.

కారణం ఆయన కళ్ళలో శుక్లాలు. ఆపరేషన్ మాటెత్తితే, "కంటి దగ్గరికి కత్తి రానిస్తానా? అద్దాలు మారిస్తే సరి" అంటారు. నాలుగు కళ్ళజోళ్ళు మారాయి, చూపు మారలేదు. "ఈ ఒక్క ఆర్డరుకీ కాస్త చెయ్యి సాయం పట్టవే" అన్నారు మొదట. డిగ్రీలో చదివిన చరిత్ర ఎలాగూ అక్కరకు రాలేదు, ఇదైనా వస్తుందని, ఆయన చెబుతుంటే నేర్చుకుంటూ పట్టాను. పట్టిన చెయ్యి పట్టినట్టే ఉండిపోయింది.

ఆయనకి పేరు తెచ్చింది పాత ఇటలీవాళ్ళ పద్ధతి. ముఖంలో ఎక్కడా గీత ఉండదు. వెలుగు నీడలోకి పొగలా కరిగిపోవాలి. అవిసె నూనెతో రంగు పలచగా కలిపి ఒక పూత వేసి, తడి ఆరకముందే పొడి బ్రష్షుతోనూ, మెత్తటి పాత గుడ్డతోనూ, చివరికి చిటికెన వేలితోనూ అంచు చెరిపెయ్యాలి. నాలుగైదు రోజులు ఆరనిచ్చి మళ్ళీ ఇంకో పూత. పెదవి చివర ఒకటి కుదరడానికి పది పన్నెండు పూతలు పడతాయి. పొయ్యి మీద పాలు పొంగకుండా చూసుకుంటూ ఒక చెంప మీద చీకటి పడనివ్వడం ఎలాగో నన్నడగండి, చెబుతాను. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఒకరోజు చిత్రకళా కళాశాల నుంచి లెక్చరరమ్మ వచ్చింది. "మాస్టారూ, మా పిల్లలకి ఒక్క గంట మీ చేత్తో చేసి చూపించాలి" అంది. ఈయన గడ్డం నిమురుకుని ఒప్పేసుకున్నారు.

ఆవిడ గుమ్మం దాటగానే అడిగాను. "ఎలా చూపిస్తారటా?"

"నువ్వు పక్కనుంటావుగా."

"పక్కన ఏ లెక్కన ఉండాలి? రంగులు తుడిచే గుడ్డ లెక్కనా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అక్కడే చెప్పేస్తాలేవే. ముఖాలు మా ఆవిడవని అందరి ముందూ చెప్పేస్తా. నాకూ బరువు దిగుతుంది."

నాకు కావలసింది ఆ ఒక్క మాటే. దానికోసం పెట్టె అడుగున ఉన్న చీర తీసి ఇస్త్రీ చేసుకున్నాను.

గంటలో పూతలు ఆరవు. అందుకే టీవీలో వంటలవాళ్ళు ముందే ఉడికించింది బయటికి తీసినట్టు, ఒకే ముఖాన్ని మూడు కాన్వాసుల మీద మూడు దశల్లో వేసిపెట్టాను. మూడోది ముందురోజే వేసింది, ఇంకా పచ్చి. "దాన్ని చూపించండి, ముట్టుకోకండి" అని చెప్పి, వెనక చీటీ కూడా అంటించాను. చీటీ చదవగల చూపే ఉంటే ఇంత కథ ఎందుకు?

అక్కడ అరవైమంది పిల్లలు. ఆయన బాగా మాట్లాడారు. తన గురువుగారి గురించి, ఓపిక గురించి. ఇక చెప్పేస్తారని నేను కొంగు సర్దుకున్నాను. ఆయన మూడో కాన్వాసు అందుకుని, గోధుమరంగు పూసి, బొటనవేలితో రుద్దారు. అడుగున ఉన్న పచ్చిరంగంతా పైకి లేచింది.

ముందు వరసలో ఒకమ్మాయి, "సార్, చెంప మీద ఎవరో కొట్టినట్టుంది" అంది. అందరూ నవ్వారు.

మావారూ నవ్వారు. నవ్వుతూనే నావైపు తిరిగారు. "రంగులు కలిపేది మా ఆవిడండీ. ఇవాళ నూనె ఎక్కువ పోసినట్టుంది. ఇంట్లో కూరల్లోనూ ఇదే వరస."

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. లెక్చరరమ్మ నా దగ్గరికొచ్చి మెల్లగా, "ఇంత విద్య ఇంట్లోనే ఉందిగా మేడమ్, మీరూ కాస్త నేర్చుకోవచ్చుగా?" అంది.

"నేర్చుకోవాలండీ" అన్నాను, గుడ్డ మడతపెడుతూ.

ఇంటికొచ్చాక ఆయనే కదిపారు. "ఏదో నోటికొచ్చేసింది. అలా నవ్వుతుంటే ఏం చెప్పమంటావ్?"

"నిజం చెబుతానన్నారు."

"అప్పుడు చెబితే ఇంకా నవ్వేవాళ్ళే."

మర్నాడు బ్రష్షులన్నీ కడిగి ఆయన చేతిలో పెట్టాను. స్టాండు మీద బట్టల షాపాయన తండ్రి బొమ్మ ఉంది. కోటు పూర్తయింది, ముఖం మొదలుపెట్టలేదు.

"ఇకనుంచి ముఖాలూ మీవే."

"అలకా?"

"సెలవు."

నా దురాలోచన దాచుకోను. ఆయన వేస్తే ముఖం తగలడుతుంది, షాపాయన గోల చేస్తాడు, అప్పుడైనా నిజం చెప్పక తప్పదు అనుకున్నాను. ఆయన భూతద్దం పట్టుకుని పదిరోజులు కష్టపడ్డారు. ముక్కుకి నల్లగీత, కళ్ళకి నల్లగీత, పెదవుల చుట్టూ నల్లగీత. చూశాక నాకు కలిగిన ఆనందం ఇక్కడ రాయదగింది కాదు.

షాపాయన వచ్చిన రోజు టీ ఇచ్చి, లోపలికి వెళ్ళకుండా తలుపు దగ్గరే నిలబడ్డాను. ఆయన చాలాసేపు చూశాడు.

"మాస్టారూ..." బొమ్మకి ఇంకాస్త దగ్గరగా జరిగాడు. "ఎంత స్పష్టంగా ఉందండీ! ఆ కనుబొమ్మలు చూడండి. ఇప్పుడే లేచి నన్ను తిట్టేట్టున్నారు." కళ్ళు తుడుచుకున్నాడు.

మావారు నావైపు చూడలేదు. గెలిచిన మనిషి కనీసం చూడాలి కదా.

మూడురోజులకి షాపాయన దుప్పట్లో చుట్టిన ఫ్రేము ఒకటి పట్టుకుని మళ్ళీ వచ్చాడు. వాళ్ళమ్మ. రెండేళ్ళ కిందట నేను వేసిందే. పద్నాలుగు పూతలు. ఫొటోలో నవ్వుతోందో లేదో తెలియక, ఆ తెలియకపోవడాన్నే పెదవుల మీద ఉంచేశాను.

"అక్కయ్యగారూ, ఏమీ అనుకోకండి. పక్కపక్కన పెడితే అమ్మ ముఖానికి మసి పట్టినట్టుందండీ. మాస్టారి చెయ్యి ఈమధ్య బాగా తిరిగిందిగా. నాన్నకి వేసినట్టే అమ్మకీ నాలుగు గీతలు వేసిపెడితే..."

"దానికేం భాగ్యం, రేపు రండి" అన్నారు మావారు.

ఆయన వెళ్ళగానే ఈయన భూతద్దం తీసి, బ్రష్షు నల్లరంగులో ముంచారు. అది ఆవిడ పెదవికి అరంగుళం దూరంలో వెతుక్కుంటోంది. ఎక్కడ పడుతుందో నాకు తెలుస్తూనే ఉంది, గడ్డం మీద.

"ఆగండి."

"సెలవన్నావుగా?"

"ఆవిడ మూతి వంకర పోతుంది. ఇటివ్వండి."

కూర్చున్నాను. ఎడమ చివర నుంచి కుడి చివర దాకా, చెయ్యి ఎత్తకుండా ఒకే గీత గీశాను. తిన్నగా వచ్చింది.

మావారు నా భుజం మీదుగా వంగి చూసి, "ఆఁ, ఇప్పుడు కనిపిస్తోంది" అన్నారు.