పదకొండింటి క్యారియర్

రేవు వైర్‌లెస్ గదిలో చేరిన మొదటి రోజు, "క్యారియర్ వచ్చింది" అని పెద్దాపరేటరు అంటే, ఆ అమ్మాయి అన్నం క్యారియర్ అనుకుని గుమ్మం వైపు చూసింది. ఆయన పొట్ట పట్టుకుని నవ్వి, తర్వాత విడమరిచి చెప్పాడు. అవతలి మనిషి మైకు మీట నొక్కి నోరు విప్పకపోతే మాట రాదు గానీ, స్పీకరులో ఎప్పుడూ ఉండే హోరు టక్కున ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దమే క్యారియర్. అది వినబడితే, పాపం మాట్లాడే స్థితిలో లేడేమోనని ముందు అనుమానించాలి. అవునంటే ఒక నొక్కు, కాదంటే రెండు నొక్కమని చెప్పి ప్రశ్నలు వేయాలి.

ఇప్పుడామెకు పెళ్లై పందొమ్మిది రోజులు. మొగుడు, ఓడలను లాగే మూడో నంబరు టగ్గులో ఇంజను మేస్త్రీ. రోజూ పదకొండింటికి ఊరికే మీట నొక్కి, మూడు లెక్కపెట్టి వదిలేవాడు. ఆ మూడు లెక్కలూ అతను తన చెవి పక్కకు వచ్చి నిలబడినట్టే ఉండేది ఆమెకు. అది నిబంధనలకు విరుద్ధమని ఇద్దరికీ తెలుసు. తెలిసే మురిసిపోయారు.

ఆ రోజు పదకొండుకు రెండు నిమిషాల ముందే హోరు ఆగింది. తొందరపడ్డాడు మహానుభావుడు అనుకుని నవ్వుకుంది. మూడు లెక్కపెట్టింది. పది అయింది. ముప్పై అయింది. నవ్వు ముఖం మీదే ఎండిపోయింది.

పక్కగదిలోంచి వచ్చిన పెద్దాపరేటరు గుమ్మంలోనే ఆగాడు.

"ఎంతసేపటి నుంచమ్మా ఇలా?"

"మా ఆయనే అనుకున్నాను బాబాయ్. రోజూ నొక్కుతారు... నాకోసం."

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. రక్షక పడవను పంపమని ఫోనులో చెబుతూనే, ప్రశ్నలు వేయమని సైగ చేశాడు.

అంతలో హోరు తిరిగొచ్చింది. నొక్కుల లెక్క చెప్పి, ఆపదలో ఉన్నారా అని అడిగింది. హోరు ఒకసారి తెగింది. మూడో నంబరేనా అంది. ఒకసారి. ఆ తర్వాత అడగాల్సింది లోపలికి నీళ్లు వస్తున్నాయా అని. ఆమె నోట వేరేది వచ్చింది.

"నొక్కుతున్నది నువ్వేనా?"

రెండుసార్లు తెగింది.

ఆ టగ్గులో ఉండేది ముగ్గురు. ఇంజను మేస్త్రీ మీ పక్కనే ఉన్నాడా అని అడిగింది. అడగడం అయిపోయినా మీట మీది వేలు లేవలేదు. తను నొక్కి ఉంచినంతసేపూ జవాబు వినబడదు.

పెద్దాపరేటరు ఫోను చేత్తో మూసి, "వదులమ్మా. వాళ్లకి టైము లేదు" అన్నాడు మెల్లగా.

వేలు తీసింది. హోరు ఒకసారి తెగింది.

రెండోది రాకూడదని, ఊపిరి బిగబట్టి వింటోంది.