తుంగను చంపే రోజు

రెండో అంగీని డికాషన్ బకెట్లోంచి తీసి పిండుతుండగా రమీజాకు అనుమానం వచ్చింది. తుంగ వేషానికి ఒకేరకం అంగీలు మూడు కావాలన్నారు. ఒకటి సరే. రెండోది ఉతుక్కోవడానికనుకోవచ్చు. మూడోది ఎందుకు?

కొత్త బట్టను పాతది చేయడం ఇప్పుడు ఆమె పని. ముప్పై ఏళ్ళు గార్లదిన్నె బజారులో జాకెట్లు కుట్టి, పాతవాటికి కొత్త ప్రాణం పోసి బతికిన మనిషిని సీరియల్‌వాళ్ళు వచ్చి తలకిందులు చేశారు. డికాషన్‌లో ముంచు, ఎర్రమన్ను పుయ్యి, మోచేతుల దగ్గర ఇటుకముక్కతో రుద్దు. నలభై ఏళ్ళు వానల్లేక లోకం పాడైపోయాక మిగిలినవాళ్ళ కథట. దానికి సెట్టెందుకు, ఈ ఊరవతలి గుట్టలు చాలన్నాడు డైరెక్టరు. ఆ మాట విని నవ్వాలో ఏడవాలో ఊళ్ళోవాళ్ళకు తెలియలేదు.

కథలో రెండు వర్గాలు. బావివాళ్ళకు తుంగ నాయకురాలు, గుట్టవాళ్ళకు భైరి. ఉన్న ఒక్క బావి కోసం ఇద్దరాడవాళ్ళూ కత్తులు నూరుకుంటూ నలభై ఎపిసోడ్లు లాగారు. పోయిన నెల రాజీ మాటలకు వచ్చిన భైరి చేతికి కంపముల్లు గీరుకుంటే, తుంగ తన తలగుడ్డ చింపి కట్టింది. కట్టాక చెయ్యి వదల్లేదు. భైరీ లాక్కోలేదు. ఆ సీను చూసి రమీజా టెంటు వెనక్కి పోయి ఏడ్చింది. ఎవరైనా చూస్తున్నారేమోనని మధ్యమధ్య తలెత్తి చూసుకుంటూ ఏడ్చింది.

అలా చూసుకోవడం ఆమెకు కదిరమ్మ వల్ల అలవాటైంది.

బజారులో ఇద్దరివీ ఎదురెదురు కుట్టు అంగళ్ళు. పగలంతా గిరాకీ కోసం ఒకరినొకరు దుమ్మెత్తిపోసుకునేవాళ్ళు. జనం టీ గ్లాసులతో నిలబడి వేడుక చూసేవాళ్ళు. శుక్రవారం మధ్యాహ్నం బజారు సద్దుమణిగాక కదిరమ్మ వెనకసందులోంచి వచ్చి, రమీజా మిషను పక్కన చాప మీద వాలేది. విధవరాలు ఒకతె, మొగుడు వదిలేసినామె ఒకతె, ఎవరికేం అనుమానం? పైగా బద్ధశత్రువులాయె. అలా పదకొండేళ్ళు నెట్టుకొచ్చారు. ఎంత తిట్టుకున్నా ‘గుడ్డ’ మాట మాత్రం ఎత్తకూడదని ఒప్పందం. గుడ్డ కాజేసిందన్న పేరొస్తే ఆ టైలరు గడప ఇంకెవరూ తొక్కరు.

ఒక శుక్రవారం ఇస్త్రీ పీరాసాబ్ సందువైపు రెండుసార్లు తొంగిచూశాడు. తప్పిపోయిన మేక కోసం వెతుక్కుంటున్నాడని తర్వాత తెలిసింది. కానీ రమీజా అంతవరకూ ఆగలేదు. ఎవరికీ అనుమానం రాకూడదని ఆ సాయంత్రమే బజారు నడిమధ్యన నిలబడి, “గుడ్డలు దొంగిలించేదానా!” అని కదిరమ్మ మీద అరిచింది. నటన ఎక్కడ ఆపాలో తెలియలేదు పాపిష్టిదానికి. కదిరమ్మ లోపలికి పోయి అంగడి తలుపు వేసుకుంది. పదిరోజుల్లో అంగడి ఖాళీ చేసి, గుమ్మఘట్టలో అన్న ఇంటికి బస్సెక్కింది. ఏడేళ్ళయింది.

“రమీజక్కా!” దుస్తుల సంగతి చూసే జాయ్ వచ్చింది. కర్నూలు పిల్ల, పాతికేళ్ళుంటాయి. “మూడు అంగీలకూ లోపల ఎడమపక్క జేబు పెట్టు. పిడికిలి పట్టేంత.”

“ఎందుకమ్మా?”

“మైకుకు.”

“మైకు నడుముకు కదా కట్టేది?”

జాయ్ చూపు పక్కకు తిప్పుకుంది. “నువ్వు కుట్టక్కా, టయిము లేదు.”

ఆమె చేతిలోని అట్టపెట్టె మూత సరిగ్గా పడలేదు. లోపల ఎర్రరంగు నింపిన చిన్న ప్లాస్టిక్ సంచులు. దెబ్బ తగిలినట్టు అంగీ లోపల పగలగొట్టే రక్తం సంచులు, టేకుకొక అంగీ చొప్పున మూడు. తుంగను చంపబోతున్నారు! ఇంకా చెయ్యి పట్టుకొని నెల కాలేదే. వీళ్ళ చేతులు విరగ, ఆ ఇద్దరూ ఒకచోట బతికితే వీళ్ళ సొమ్మేం పోయింది?

ఆటో సీట్లకు వేసే రెక్సిన్ ముక్క ఒకటి మిషను కింద ఉంది. నీటిబొట్టు దాటదు. రమీజా ఇటూ అటూ చూసి దాన్ని మూడుగా కత్తిరించి, మూడు జేబులకూ అస్తరు వేసింది.

సాయంత్రం నాలుగింటికి బాణం వేశారు. తుంగ ఎదురొమ్ము పట్టుకొని కూలింది. సంచికి కట్టిన దారం లాగారు, సంచి పగిలింది, అంగీ మీద ఎర్రచుక్క పడలేదు. డైరెక్టరు మండిపడ్డాడు. రెండో అంగీ తొడిగారు. అదే తంతు. మూడోదీ అయ్యేసరికి పొద్దు గుట్ట మీదికి వాలింది. జాయ్ జేబును తిరగేసి చూసింది.

“రెక్సిన్ ఏసినావా అక్కా?”

“చెమటకు తడవకూడదని ఏసినామ్మా. మైకు అంటివి కదా.”

జాయ్ ఒకసారి డైరెక్టరు వైపు చూసింది. తర్వాత జేబును మళ్ళీ లోపలికి మడిచేసి, “సంచులే బాగలేవు సార్” అని కేకేసింది.

తుంగ వేషం వేసే అమ్మాయి ఈ రాత్రే అనంతపురంలో రైలెక్కాలి. మళ్ళీ రాదు. ఉన్న వెలుగు పది నిమిషాలు. డైరెక్టరు టోపీ తీసి నేలకేసి కొట్టాడు.

“చంపలేకపోతే పంపించేద్దాం. బావి భైరికి వదిలేసి వెళ్ళిపోమ్మా. వెనక్కి చూడొద్దు.”

బతికింది! రమీజాకు అక్కడే చిందెయ్యాలనిపించింది. నోటికి పైట అడ్డం పెట్టుకొని నవ్వింది.

కెమెరా తిరిగింది. “యాడికి పోతావు?” అని భైరి అడిగింది. తుంగ భుజానికున్న నీళ్ళ తోలుతిత్తిని దించి బండ మీద పెట్టి, గుట్ట దిగి నడిచింది. భైరి పిలవాలని నోరు తెరిచి, తన మనుషులు వెనక నిలబడి ఉన్నారని గుర్తొచ్చి మూసుకుంది.

రమీజా నవ్వు ఆగిపోయింది. కదిరమ్మ ఎక్కిన బస్సు వెళ్ళిన రోజు తానూ ఇలాగే అంగడి గుమ్మంలో నోరు మూసుకొని నిలబడింది, పీరాసాబ్ చూస్తున్నాడని. బాణంతో పోయుంటే భైరి నలుగురిలో గుండె బాదుకొని ఏడ్చేది. ఇప్పుడు ఏమని ఏడవాలి? ఎవరితో చెప్పుకోవాలి? ఇదీ తన చేతిపనే. మళ్ళీ తనే పంపించింది.

తుంగ వేషం అమ్మాయి ఎక్కిన కారు దుమ్ము రేపుకుంటూ అనంతపురం వైపు పోయింది. మనుషులు వైర్లు చుట్టుకుంటున్నారు. జాయ్ దగ్గరికొచ్చింది.

“ఏడుస్తావెందుకక్కా? నువ్వనుకున్నట్టే బతికింది కదా.”

రమీజా ఈసారి ఇటూ అటూ చూసుకోలేదు. ముక్కు చీది, అందరికీ వినబడేలానే అంది.

“ఆయమ్మ నీళ్ళు తీసకపోలేదు జాయ్.”

బండ మీద తోలుతిత్తి అలాగే ఉంది, మూతి బిగించి, కడుపునిండా నీళ్ళతో.