రోలర్ల మీద పాలపిట్ట

పాలపిట్ట మళ్లీ నూట ఎనభై దగ్గరే చతికిలబడింది.

నాచారం పారిశ్రామికవాడలోని ఆ షెడ్డులో, నేలకు బిగించిన రోలర్ల మీద పాలపిట్ట అనే ఆ కరెంటు కారు చక్రాలు తిరుగుతాయి గాని కారు కదలదు. ఇక్కడ గంటకు రెండు వందల యాభై కిలోమీటర్ల వేగాన్ని అర నిమిషం నిలబెడితేనే, వచ్చే వారం ఎయిర్‌స్ట్రిప్ మీద జరిగే వేగం పోటీకి అనుమతి. ఆ అనుమతి ఇవ్వాల్సిన పరంధామయ్యగారు కుర్చీలో కూర్చుని గడియారం చూసుకుంటున్నారు.

కారు బ్యాటరీ హరిత తయారుచేసింది. వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమె. రెండేళ్లుగా రోజూ బోడుప్పల్ నుంచి వచ్చి, ఒక్కో సెల్లునూ తన చేత్తో అమర్చింది.

"అక్కా, నీ పిట్ట ఎగుర్తలేదు. పొద్దున గింజలు ఏసినవా లేదా?" డ్రైవర్ సీట్లోంచి గౌతమ్ అరిచాడు.

హరిత వేడిని రంగుల్లో చూపే కెమెరాను బ్యాటరీ మీదకు తిప్పింది. సెల్లులన్నీ చల్లగా నీలంగా ఉన్నాయి. వాటిని కలిపే రాగి పట్టీల కొసలు మాత్రం ఎర్రగా మండుతున్నాయి.

"మామా, నిన్న ఈ పట్టీలకు ఏం జేసినవ్?"

బసవరాజు ముప్పై ఏళ్లు రైల్వే బోగీలు బాగుచేసి రిటైరైన ఫిట్టరు. "చింతపండుతోని తోమి, కడిగి ఆరబెట్టిన బిడ్డా. సారొస్తున్నరు, అద్దం లెక్క మెరవాలె అని నువ్వే అంటివి గదా!"

"తర్వాత?"

"మళ్ల నల్లబడ్తయని వార్నిష్ కొట్టిన. రెండు సార్లు. ఉత్త లోహం ఇడ్సిపెడ్తె రైల్వేల ఊకుంటరా?"

"బోల్టు పడే కాడ గూడనా?"

"గాడనే గదా ముందు పాడయ్యేది!"

కరెంటు దాటాల్సిన చోటే అడ్డం పడింది వార్నిష్. హరితకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"మస్తు జేసినవ్ మామా, కరెంటుకు రెయిన్‌కోటు తొడిగినవ్!" అన్నాడు గౌతమ్.

బసవరాజు ముఖం వాడిపోయింది. హరిత చప్పున పరంధామయ్యగారి వైపు తిరిగింది.

"తప్పు నాది సార్. మెరవాలని చెప్పిన గాని, ఎక్కడ ఏమీ పూయొద్దో చెప్పలేదు. విప్పి గీకుతం."

"ఎన్నున్నాయమ్మా?"

"ముప్పై రెండు."

"నాలుగున్నరకి ఉప్పల్ రింగురోడ్డు దగ్గర హనుమకొండ బస్సుంది నాకు. మూడున్నరకి బయల్దేరతాను."

అప్పటికి రెండూ నలభై.

మెయిన్ ప్లగ్గు ఊడదీసి, రబ్బరు గ్లౌజులు తొడుక్కుని హరిత బోల్టులు విప్పుతోంది. బసవరాజు ఎమరీ పేపర్‌తో రాగిని రుద్దుతున్నాడు, ముప్పై ఏళ్ల వయసు తగ్గినట్టు. గౌతమ్ దుమ్ము తుడిచి వరసలో అందిస్తున్నాడు. ఇరవయ్యో పట్టీ దగ్గర పరంధామయ్యగారు కుర్చీలోంచి లేచారు.

"ఆ టార్చి ఇటివ్వండి. వెలుతురు చూపిస్తే పక్షపాతం కాదులే."

మూడూ ఇరవై ఏడుకు చక్రాలు మళ్లీ తిరిగాయి.

నూట యాభై. నూట ఎనభై. అందరూ ఊపిరి బిగబట్టారు. దాటింది! రెండు వందలు. షెడ్డు రేకులు దడదడలాడాయి. రెండు వందల యాభై. కెమెరాలో అంతా నీలమే. పరంధామయ్యగారు గడియారం చూస్తూ పైకే లెక్కపెట్టారు.

"...ఇరవై తొమ్మిది, ముప్పై! చాలమ్మా, ఆపించు," అని కాగితం మీద సంతకం గీకేశారు.

ఆపమని గౌతమ్‌కు చెయ్యెత్తి చూపాల్సింది హరితే. ఆమె చెయ్యి లేవలేదు. అంకె రెండు వందల అరవై దాటుతోంది.

"ఆపు బిడ్డా, రేకులు లేస్తున్నయ్!" అని బసవరాజు నవ్వుతూ అరుస్తున్నాడు.

"జర్రంత ఆగు మామా," అంది హరిత, అంకె మీంచి కళ్లు తిప్పకుండా.