ఆరు కళ్ళ బండి కింద

నీళ్ళ గొట్టాన్ని చంకలో ఇరికించుకుని వెర్నా, రాకెట్ల బండి వెనక చక్రాలకు పట్టిన ఎర్రమట్టిని కడుగుతోంది. మట్టి పెళ్ళలు పెళ్ళలుగా ఊడి సిమెంటు చప్టా మీద పడుతోంది. ముందు ఉక్కు కవచం తొడుక్కున్న క్యాబిన్, వెనక గుండ్రంగా తిరిగే పీట, దాని మీద ఆరు గొట్టాలు ఇమిడే చట్రం. షోల్‌వాటర్ బే అడవిలో సైన్యం విన్యాసాలు ముగించుకుని వచ్చిన బండి అది. కొండ అవతల కంటికి కనపడనిదాన్ని కూడా తునాతునకలు చేస్తుందని సైనికులు గొప్పగా చెబుతారు. వెర్నాకు దాని గొప్ప తెలియదు, దాని మురికి తెలుసు. బండ్లు కడిగే ఈ యార్డులో అందరూ దాన్ని 'ఆరు కళ్ళది' అంటారు.

ఆ అడవి నిండా వయ్యారిభామ మొక్కలు. పేరుకే వయ్యారం. దాని గింజ ఒక్కటి కొత్త నేల మీద పడిందా, పచ్చిక బయలంతా మింగేస్తుంది, పశువులకు మేత ఉండదు. అందుకని దక్షిణాన అడిలైడ్ వెళ్ళే ప్రతి సైన్యం బండీ ముందు ఈ యార్డులో ఒళ్ళు తోముకోవాలి. తర్వాత తనిఖీ అమ్మాయి టార్చీ, అద్దం పట్టుకుని సందుసందూ వెతుకుతుంది. గింజ దొరికితే బండి కదలదు.

వెర్నాకు అరవై దాటాయి. ఆమె ముత్తాతను టన్నా దీవి నుంచి ఓడలో ఎక్కించుకొచ్చి క్వీన్స్‌లాండ్ చెరకు తోటల్లోకి తోలారు. తండ్రి రైలు పట్టాలు వేశాడు. ఆమె మాంసం ఫ్యాక్టరీలో పేగులు కడిగింది, అక్కడ మానేశాక బండ్లు కడగడానికి వచ్చింది. కడగడం తప్ప మరో విద్య అబ్బలేదని తనే నవ్వుతుంది. కానీ ఆ విద్యలో ఆమెకు పేరుంది. ఆంటీ వెర్నా చెయ్యి పడితే గింజ బతకదన్న మాట చర్చి దాకా పాకింది. మొగుడు పోయి, ఇల్లు బోసిపోయాక ఆమెకు మిగిలిన ఆస్తి ఆ పేరొక్కటే.

ఇప్పుడు ఆ పేరు మోకాళ్ళ దగ్గర చిక్కుపడింది. రెండూ వాచి కుండల్లా అయ్యాయి. కూర్చుంటే లేవలేదు. బండి కింద దూరలేని మనిషిని యార్డు పెద్ద క్రెయిగ్ ఒక్క పూట కూడా ఉంచుకోడు. అందుకే ఎవరికీ చెప్పలేదు. జతగా పనిచేసే డార్సీ మాత్రం ఎందుకో ఈమధ్య మోకాళ్ళకు తొడుగులు కట్టుకుని కింద పనంతా తన మీద వేసుకుంటున్నాడు.

"కింద నాకొదిలెయ్ ఆంటీ. చల్లగా ఉంటుంది, పైగా క్రెయిగ్ మొహం కనపడదు," అనేవాడు.

సోమరిపోతు, నీడ చూసుకుంటున్నాడని ఆమె నమ్మింది. అలా నమ్మడం ఆమెకు వీలుగా ఉండేది.

ఈ పొద్దున డార్సీ పక్క బండి క్యాబిన్ కడిగే పనిలో చిక్కుకుపోయాడు. కిటికీలోంచి తల బయటపెట్టి, "దాని కింద నేనొచ్చి చూడనా ఆంటీ?" అని అరిచాడు.

"నువ్వు లాగులు తడుపుకునే రోజుల నుంచీ కడుగుతున్నానురా. నీ పని చూసుకో."

"సరే తల్లీ, కొట్టకు," అంటూ నవ్వి తల లోపలికి లాక్కున్నాడు.

ఆమె చప్టా మీద ఒక మోకాలు ఆనించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిరిగే పీట కింద, ఇరుసుకు పైన, చెయ్యి పట్టేంత గూడు ఒకటుంది. మట్టి దాక్కునేది అక్కడే. వేళ్ళతో తడిమితే తప్ప తెలియదు. ఆమె బండి పట్టుకుని పైకి లేచింది. నిలబడ్డచోటి నుంచే గొట్టాన్ని లోపలికి తిప్పి గుడ్డిగా నీళ్ళు కొట్టింది. మురికినీళ్ళు కారాయి, తర్వాత తేటనీళ్ళు కారాయి. అది చాలదని ఆమెకు తెలుసు.

"కింద అయిందా?" అన్నాడు డార్సీ.

"అయింది."

టీలు తాగాక తనిఖీ అమ్మాయి వచ్చింది. బండి కింద వెల్లకిలా పడుకుని, కాసేపటికి గుప్పిట మూసుకుని లేచింది. తెరిస్తే మట్టిముద్ద. అందులో ఆవగింజలో సగం లేని నల్లటి గింజలు.

"సారీ క్రెయిగ్. ఇది పోవడానికి లేదు."

గేటు దగ్గర మిగతా బండ్లు ఇంజన్లు ఆపకుండా కాచుకుని ఉన్నాయి. క్రెయిగ్ మొహం కందగడ్డయింది. "కింద ఎవరు చూశారు?" అన్నాడు గానీ జవాబు కోసం ఆగలేదు. "నీ పనేగా డార్సీ? మొన్న తాగొచ్చినప్పుడే చెప్పాను కదా, ఇంకోసారి తేడా వస్తే ఇంటికేనని."

డార్సీ వెర్నా వైపు చూశాడు. నిలదీసే చూపు కాదు. ఆమె ఏమైనా అంటుందేమోనని ఆగి చూశాడంతే. వెర్నా తేలు కుట్టిన దొంగలా గొట్టం మూతి వైపే చూస్తూ నిలబడింది. నేనే అని ఒక్క మాట అంటే అయిపోయేది.

"నాదే," అన్నాడు డార్సీ. "చూసుకోలేదు."

"సామాన్లు తీసుకుని నడువు."

"అరవకు మేట్, బీపీ పెరుగుద్ది."

షెడ్డులోకి వెళ్ళి సంచీతో వచ్చాడు. గేటు దగ్గర అందరిలాగే బూట్ల అడుగులు బ్రష్షుతో తోముకున్నాడు, పని పోయినా ఆ నియమం తప్పలేదు. "ఒళ్ళు జాగ్రత్త ఆంటీ," అని చెయ్యెత్తి, తన డొక్కు బండెక్కి రాక్‌హాంప్టన్ రోడ్డు పట్టాడు.

"నువ్వన్నా ఉన్నావు, నయం," అన్నాడు క్రెయిగ్ ఆమె పక్కకొచ్చి. "నువ్వే చూసుంటే ఆ గింజ మిగిలేదా?"

వెర్నాకు తల కొట్టేసినట్టయింది. అయినా ఆ తలనే ఊపింది. చేసిన తప్పు కంటే అలా ఊపినందుకు ఆమెకు ఎక్కువ సిగ్గేసింది.

క్రెయిగ్ ఇంకో ఇద్దర్ని కిందికి పంపి మళ్ళీ కడిగించాడు. మధ్యాహ్నానికి ఆరు కళ్ళది గేటు దాటింది. డ్రైవరు కుర్రాడు ఆమెకు థాంక్స్ చెప్పి మరీ వెళ్ళాడు. ఆమె రెండుసార్లు క్రెయిగ్ గది దాకా నడిచింది. మొదటిసారి అతను ఫోన్లో ఉన్నాడు. రెండోసారి ఒంటరిగానే ఉన్నాడు.

"ఏంటి ఆంటీ?"

"రేపటికి సబ్బునీళ్ళు చాలవేమో," అని చెప్పి వచ్చేసింది.

సాయంత్రం అందరూ వెళ్ళాక చొక్కా మార్చుకోవడానికి షెడ్డులోకి వెళ్ళింది. ఆమె కొక్కేనికి డార్సీ మోకాలి తొడుగులు వేలాడుతున్నాయి. నేల మీద పాకీ పాకీ వాటి రబ్బరు నున్నగా అరిగిపోయింది. పట్టీలు మాత్రం, వాచిన మోకాళ్ళకు సరిపడేలా, చివరి కన్నం దాకా వదులు చేసి ఉన్నాయి.