ఉప్పు చెయ్యి

మధ్యాహ్నం కాగానే లేత్ మేస్త్రీ మిషను ఆపేసి, చేతుల జిడ్డు కిరసనాయిలు గుడ్డతో తుడిచి, సబ్బుతో మోచేతులదాకా కడుక్కుని, తల దువ్వుకుని భోజనానికి బయల్దేరేవాడు. ఇల్లు వర్క్‌షాపు వెనకే, పిలిస్తే పలికేంత దూరం. ఆయన మాత్రం అటు చూడకుండా హోటళ్ళ వీధి వైపు నడిచేవాడు.

తిండి రుచి తెలిసిన మనిషి. ఏ హోటల్లో చేప ఆ పూటదో, ఎక్కడ నిన్నటిదాన్ని మసాలాతో కప్పెట్టారో వాసన చూసి చెప్పేవాడు. మూల హోటల్లో రొట్టె ఎప్పుడు దిగుతుందో, వంతెన పక్క హోటల్లో మాంసం ఏ వారం లేతగా ఉంటుందో ఆయనకి కంఠతా వచ్చు. కూర కుదిరితే వంటవాణ్ణి బయటికి పిలిపించి భుజం తట్టేవాడు. ఉప్పెక్కువైతే కంచం గోడకేసి కొట్టేవాడు. రెండూ ఒకే హుషారుతో చేసేవాడు.

లోపలికి వెళ్ళేముందు గుమ్మం దగ్గర ఆగి పలక చదివేవాడు. ఆ వీధిలో ఉన్నవి మూడు హోటళ్ళు. మూడింటి గుమ్మాలకీ పలకలు వేలాడేవి. పైన 'ఈ పూట ఉప్పు' అని, కింద సుద్దముక్కతో ఒక పేరు. అందరూ అది చదివే లోపలికి వెళ్ళేవారు. ఎందుకంటే ఆ ఊళ్ళో ఎవరి చేతి ఉప్పు తింటే వాళ్ళమీద మర్నాటిదాకా చెయ్యి లేవదు. ఇదేమీ నీతివాక్యం కాదు. లేవదంతే. ఎత్తబోతే భుజం దగ్గర్నుంచి బరువెక్కి, తడిసిన పరుపులా వేలాడుతుంది. కాలెత్తి తందామన్నా అదే వరస.

ఊరు దానికి తగ్గట్టే సర్దుకుని బతికేది. ఠాణా జమాదారు ఎక్కడికెళ్ళినా తన కారియర్ తను పట్టుకెళ్ళేవాడు, రేపు ఎవర్ని తన్నాల్సొస్తుందో అని. గోడ దగ్గర తగాదాపడ్డ అన్నదమ్ములిద్దరు పెద్దమనుషుల ముందు ఒకరి కంచంలో ఒకరు ఉప్పు చల్లుకుని రాజీపడ్డారు. మర్నాడు ఎవరి ఉప్పు వాళ్ళు తిని, గడ్డపారలు పట్టుకుని వీధిలోకొచ్చారు. తమ్ముడికి ఒక కన్ను పోయింది, అన్నకి పక్కటెముకలు విరిగాయి. గోడ మాత్రం ఉన్నచోటే ఉంది.

మేస్త్రీ భార్య కాజాలు కుట్టేది. కాజాలంటే నోట్లో వేసుకునేవి కావు, చొక్కాకి గుండీ పట్టే కన్నాలు. టైలర్లు చొక్కాలు కుట్టి మూటకట్టి పంపితే ఆమె వాటికి కాజాలు తీసి, గుండీలు వేసి ఇచ్చేది. ఆమె కాజా అంచు నూలు పోగు లేవకుండా, చీమ నడిచినట్టు వరసగా ఉండేది. అందరూ కాజాలమ్మాయి అనేవారు. నడివయసొచ్చినా అమ్మాయే. భర్త 'ఏయ్' అనేవాడు. కోపమొస్తే 'ఒసేయ్'.

పెళ్ళయిన కొత్తలో అతను ఇంట్లోనే తిన్నాడు. ఒకరోజు చొక్కా కాలర్‌కి ఇస్త్రీ సరిగ్గా పడలేదని చెయ్యెత్తాడు. చెయ్యి లేచినట్టే లేచి జారిపోయింది. వేలాడుతున్న చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. మర్నాడు పొద్దున కంచం పక్కకి నెట్టి, "ఇకనుంచి హోటల్లో తింటాలే. నీకెందుకు శ్రమ," అన్నాడు. పిచ్చిది, మురిసిపోయింది. ఆ సాయంత్రం ఆమె తల పట్టుకుని తలుపు రెక్కకేసి కొట్టాడు. ముందు పళ్ళు రెండు ఊడి చాటలో బియ్యంలో పడ్డాయి. వాటిని ఏరేసి బియ్యం కడిగింది.

"అదృష్టవంతురాలివే. మీ ఆయనకి వండిపెట్టే బాధే లేదు," అనేది పక్కింటి వదిన.

అప్పట్నుంచీ అతను ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టలేదు. సీసాతో వర్క్‌షాపు నుంచే తెచ్చుకునేవాడు. ఆమె తన ఒక్కదానికీ పిడికెడు బియ్యం, ఒక గుడ్డో బంగాళాదుంపో ఉడకేసుకునేది. తన ఉప్పు తనే తినేది గనక తనమీద తను చెయ్యి చేసుకోలేకపోయింది. చేసుకోవాలనిపించిన రోజులు లేకపోలేదు. ఎడమ చెవి వినికిడి పోయింది. ఒకసారి చెయ్యి విరిగి వంకరగా అతుక్కుంది. అన్నయ్య ఇంటికి వెళ్తే, "కాస్త సర్దుకుపోవాలమ్మా," అని రిక్షా ఎక్కించి పంపేశాడు. దారి పొడుగునా సర్దుకుంటూనే వచ్చింది, విరిగిన చేతిని ఒళ్ళో.

అతనికో అలవాటుండేది. కొట్టేముందు ఆ పూట ఏం తిన్నాడో చెప్పేవాడు. ముల్లు తీసిన చేప, అంచు కరకరలాడే రొట్టె, ఎముకలో మూలుగ. చెప్తూ చొక్కా చేతులు మడిచేవాడు. ఆమెకి దెబ్బలకంటే ముందు నోట్లో నీళ్ళూరేవి. ఆ సంగతికి తనమీద తనకే రోత పుట్టేది.

ఒకరోజు టైలరుకి చొక్కాలు ఇచ్చి వస్తూ హోటళ్ళ వీధిలో ఆగిపోయింది. వేయిస్తున్న ఉల్లిపాయల వాసన. పలక చదివింది. 'గరిటక్క' అని ఉంది. ఆ హోటల్ యజమాని, వంటమనిషి ఒక్కతే. చేతిలో గరిట లేకుండా ఆమెను చూసినవాళ్ళు లేరు.

"ఒక్కదానివేనా?" అంది గరిటక్క.

"ఒక్కదాన్నే."

"కూర్చో. చేపా, గుడ్డా?"

"లేత్ మేస్త్రీ ఏం తింటాడో అది పెట్టక్కా."

గరిటక్క ఆమె కంటికింద పసుపురంగుకి తిరుగుతున్న కమిలిన మచ్చ చూసింది. "తలుపు తగిలిందా?"

"తలుపే. రోజూ తగుల్తుంది."

"మధ్యాహ్నం పూట నా దగ్గర కూర్చుని ముళ్ళు ఏరుకుని తింటుంది ఆ తలుపు," అని గొణిగి గరిటక్క లోపలికెళ్ళింది.

వేడన్నం మీద చేపముక్క వచ్చింది, పైన పొగలు. కాజాలమ్మాయి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు నమలడం మర్చిపోయింది. తర్వాత తల ఎత్తలేదు. ఎవరో వండి, ఎవరో వడ్డించి, ఇంకా కావాలా అని అడగడం ఎంత రుచో ఆ వయసులో తెలిసింది. తోక దగ్గర ముల్లు కూడా వదల్లేదు.

ఆ కబురు సాయంత్రానికల్లా మేస్త్రీకి చేరింది. అతను కొట్టలేదు. వర్క్‌షాపు నుంచి చిన్న వైస్ మోసుకొచ్చాడు. ఇనపముక్కల్ని కదలకుండా బిగించే రెండు దవడల పరికరం అది. వంటగట్టు అంచుకి దాన్ని బోల్టులతో బిగించాడు. ఆమె చెక్క గరిట దవడల మధ్య పెట్టి కడ్డీ తిప్పాడు. గరిట మూలిగి, చీలి, తునకలైంది.

"హోటల్లో కూర్చుని తింటావా? సంపాదిస్తున్నానని కదూ ఈ పొగరు," అన్నాడు. "శనివారం మధ్యాహ్నం నుంచి నాకు సెలవు. తీరిగ్గా చూస్తా. ఒక్కొక్క వేలే."

సూది పట్టే వేళ్ళు. అవి పోతే ఆమెకి ఇక ఆ ఇల్లు తప్ప ఇంకేమీ మిగలదు. అతనికి కావలసిందీ అదే. అన్న మాట తప్పే మనిషి కాదని చీలిన గరిట చెప్తూనే ఉంది.

మర్నాడు ఆమె గరిటక్క వంటింట్లోకి వెనక గుమ్మంలోంచి వెళ్ళింది.

"శనివారం మాంసానికి ఆయన ఇక్కడికే వస్తాడు. ఆ కూరలో ఉప్పు నన్ను వెయ్యనీ అక్కా."

గరిటక్క పొయ్యి ఊదడం ఆపింది. "వేస్తావు. పలకమీద నా పేరుంటుంది. రేపు ఊరికి తెలుస్తుంది. పలక అబద్ధమాడిన హోటల్లో కుక్క కూడా తినదమ్మా."

"అబద్ధమెందుకు? నా పేరే రాయి. మా నాన్న పెట్టిన పేరు."

"చదువుతాడే వాడు."

"చదవనీ. ఆ పేరున్నవాళ్ళు వీధికి నలుగురున్నారు. ఆయన నోటి వెంట అది ఒక్కసారీ రాలేదు."

"పెళ్ళిపత్రిక మీదైనా చూసుంటాడుగా."

"పెళ్ళిలో మూడో వడ్డనలో ఏం పెట్టారో అడుగు, ఇప్పటికీ చెప్తాడు. పేరు అడిగితే తల గోక్కుంటాడు."

గరిటక్క నవ్వబోయి, ఆమె వంకర మణికట్టు చూసి మానేసింది. "తల గోక్కుని గుర్తు తెచ్చుకుంటే?"

"అప్పుడు వేళ్ళు ఎలాగూ పోతాయి."

శనివారం పలకమీద ఆమె పేరు ఎక్కింది. పెద్ద అక్షరాలతో, ఒత్తులూ దీర్ఘాలతో సహా. కాజాలమ్మాయి ఉప్పు గుప్పిట పట్టి, వేళ్ళ సందుల్లోంచి కొలిచినట్టు రాల్చి, మసిగుడ్డ తెర వెనక కూర్చుంది. వేళ్ళు ఒళ్ళో ముడుచుకుని.

మేస్త్రీ వచ్చాడు. ఆగాడు. చదివాడు. పెదవులు కదిలాయి కూడా.

"కొత్త చెయ్యా అక్కా?"

"కొత్తదే."

"చూద్దాం దాని సంగతి," అని కూర్చున్నాడు.

రెండు ముద్దలు తిని కంచం వైపు చూశాడు. గరిటక్క గోడ పక్కనుంచి తప్పుకుంది, అలవాటుగా. "ఇన్నాళ్ళకి నీ హోటల్లో ఉప్పు కుదిరింది," అన్నాడు మేస్త్రీ. "ఆ చేతికి గాజులు చేయించు. ఇంకో ముక్క వెయ్యి."

ఆమె ఇల్లు చేరి పొయ్యిమీద గుడ్డు ఉడకేసుకుంటుంటే అతను వచ్చాడు. చొక్కా చేతులు మడుస్తున్నాడు. "మెత్తటి మాంసం. చిన్న ఉల్లిపాయలు, చీలకుండా వేయించినవి," అని మొదలుపెట్టాడు. "చెయ్యి ఇలా పెట్టు."

"ఉప్పు సరిపోయిందా అండీ?"

ముందు చెంపదెబ్బ కొడదామని చెయ్యెత్తాడు. చెయ్యి చెవిదాకా లేచి, బరువెక్కి, దభీమని పక్కకి పడిపోయింది. రెండో చెయ్యీ అంతే. కాలు ఎత్తబోతే మోకాలు వంగలేదు. తలతో కుమ్మబోయాడు, తల గుండెమీదికి వాలిపోయింది. అతను వంటగట్టుకి ఆనుకుని రొప్పాడు.

"ఎక్కడ వేశావే?"

"గాజులు చేయించమన్నారటగా."

అర్థమవడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వాడు. "సరే. రేపటిదాకానేగా. ఈలోగా నువ్వేం చేస్తావు? ఇన్నేళ్ళూ నా ఉప్పు తిని బతికినదానివి. నామీద నీ చెయ్యి మాత్రం లేస్తుందా?"

ఆ సంగతి ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. కుడిచెయ్యి మెల్లగా ఎత్తి చూసుకుంది. భుజం దగ్గర బరువు వస్తుందేమోనని ఆగింది. రాలేదు. చెయ్యి సూదంత తేలిగ్గా ఉంది.

"ఉప్పు బస్తా మోయించి పడేశావు," అంది. "నీ చేత్తో ఒక్క పలుకు వేశావా? నాకు జ్వరమొచ్చిన రోజున, గంజిలో అయినా?"

అతని నవ్వు ఆగింది. ఆమె అతని కుడిచెయ్యి పట్టుకుంది. పరుపు మోసినట్టు రెండు చేతులతో ఎత్తి, వైస్ దవడల మధ్య పరిచింది. కడ్డీ తిప్పింది. లాక్కోవాలంటే ఆమెను నెట్టాలి, నెట్టడం అతనివల్ల కాలేదు. మొదటి తిప్పుకి చర్మం తెల్లబడింది. రెండో తిప్పుకి అతను అరిచాడు. ఆ తర్వాత ఎండుపుల్లలు విరిగిన చప్పుడు, గట్టుమీద నెత్తురు, గోళ్ళ కింద నలుపు. ఆమె పని మధ్యలో వదిలే మనిషి కాదు. కాజా చివర ముడి వేసినట్టు ఇంకొక్క అర తిప్పు తిప్పి, కడ్డీ లాగేసి సూదుల సంచీలో వేసుకుంది. పొయ్యి ఆపింది. గుడ్డు ఒలిచి, ఉప్పు అద్దుకుని, నిలబడే తినేసి బయటికి నడిచింది.

కేకలకి జనం చేరారు. జమాదారు కూడా వచ్చాడు, కారియర్‌తో.

"నా ఉప్పు తిని నా చెయ్యి విరిచింది," అని ఏడ్చాడు మేస్త్రీ.

"అదెలా కుదుర్తుంది? ఎప్పుడు వేశావు నీ చేత్తో?" అన్నాడు జమాదారు.

మేస్త్రీ ఆలోచించాడు. వైస్ విప్పడానికి కడ్డీ దొరక్క ఇద్దరు పటకార్లతో తంటాలుపడుతున్నంతసేపూ ఆలోచించాడు. ఒక్క పూట కూడా తట్టలేదు. "అయితే కేసు లేదు," అని జమాదారు కారియర్ అందుకున్నాడు. పక్కింటి వదిన గబగబా ఇంట్లోకి వెళ్ళి, తన భర్తకి వండుతున్న కూరలో ఉప్పు చూసుకుంది.

కాజాలమ్మాయి గరిటక్క మేడమీద గదిలో చేరింది. పగలు కాజాలు కుట్టేది. పొద్దున్నే కిందకి దిగి కూరలో ఉప్పు వేసేది. మూల హోటలాయన, వంతెన పక్క హోటలాయన కూడా వచ్చి మా గిన్నెలోనూ వెయ్యమ్మా అని అడిగారు. కంచాలు పగిలిన గోడలు వాళ్ళవీ ఉన్నాయి మరి. మూడు పలకలమీదా ఆమె పేరే ఎక్కింది.

మేస్త్రీకి కట్టు విప్పారు. వేళ్ళు కొక్కాల్లా వంగిపోయాయి. లేత్ మిషను దుమ్ముపట్టింది. వండుకోవడం రాదు. ఒక మధ్యాహ్నం ఎడమచేత్తో తల దువ్వుకుని హోటళ్ళ వీధికి వచ్చాడు. మూల హోటలు పలక చదివాడు, ముందుకెళ్ళాడు. వంతెన పక్క పలక చదివాడు, అక్కడా ఆగలేదు. గరిటక్క గుమ్మం దగ్గర మాత్రం చాలాసేపు నిలబడ్డాడు. ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ ఆ పేరు పైకే చదివాడు. తెర వెనక ఆమె కుడిచెవికి అది వినబడింది.

అతను లోపలికొచ్చి, బల్ల చివర కూర్చున్నాడు.

"పెట్టనా?" అంది గరిటక్క, తెర వైపు చూసి.

"పెట్టు," అంది కాజాలమ్మాయి. కూరలో ఉప్పు సరిగ్గానే ఉంది. అయినా అతని గిన్నెలో ఇంకో గుప్పెడు వేసి కలిపి ఇచ్చింది.

అతను ఎడమచేత్తో తడబడుతూ తిన్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కారాయి, మంచినీళ్ళు రెండుసార్లు అడిగాడు. గిన్నె అడుగు కనబడేదాకా తిన్నాడు. ఉప్పెక్కువైందని మాత్రం అనలేదు.